శరత్కాలపు మధ్యాహ్నాలకు సూదీ దారమూ, పాత పుస్తకాలూ

ప్రశ్న: నా వయసు 61 సంవత్సరాలు. రాజమహేంద్రవరంలో ఉంటున్నాము. ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. దసరాకు వచ్చిన పిల్లలు వెళ్ళిపోయాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, ఆ నిశ్శబ్దం నాకు బాగానే ఉంది. ఈ రెండు నెలలూ మా అమ్మ దగ్గర నేర్చుకున్న కుట్టుపనితోనూ, విజయవాడ లెనిన్ సెంటరులో కొని తెచ్చుకున్న సంచీడు పాత పుస్తకాలతోనూ గడపాలని కోరిక. అయితే కుట్టుకు కూర్చుంటే పావుగంటకే కళ్ళు లాగుతున్నాయి, పుస్తకం తెరిస్తే తుమ్ములు. ఎప్పుడో సగంలో వదిలేసిన బల్లగుడ్డ ఒకటి బయటికి తీశాను గాని ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. కుట్టినవి అమ్మవచ్చు కదా అని మా అమ్మాయి, అన్నీ ఫోనులో దొరుకుతుంటే ఈ దుమ్ము ఎందుకని మావారు అంటున్నారు. చదివేశాక ఈ పుస్తకాలన్నీ ఏం చేయాలో కూడా తెలియదు. ఈ రెండు పనులనూ హాయిగా చేసుకునే మార్గం చెప్పండి.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదివితే మీకు కావలసింది ఓదార్పు కాదని, ఏర్పాటు అని తోచింది. నిశ్శబ్దం మిమ్మల్ని బాధించడం లేదు, ఏం చేయాలనుకుంటున్నారో మీకు తెలుసు, అడ్డుపడుతున్నవల్లా వెలుతురు, దుమ్ము, ఎత్తుకున్న పని పరిమాణం. ఇటువంటి తీరిక పనులు మనసు కుదురుగా ఉంటే వాటంతట అవే సాగిపోతాయని అనుకుంటాము గాని, వెలుతురు ఏ పక్కనుంచి పడుతోంది, దారం ఎంత పొడుగు తెంచాము, పుస్తకాన్ని గదిలోకి తెచ్చే ముందు దులిపామా లేదా అన్న చిన్న సంగతుల మీదే ఆ హాయి చాలావరకు ఆధారపడి ఉంటుంది. అందుచేత మనసును గురించి తక్కువగా, కిటికీని గురించి ఎక్కువగా చెబుతాను.

ఆశ్వయుజ కార్తీకాలలో గోదావరి జిల్లాల వాతావరణం రెండు రకాలుగా ఉంటుందని మీకు నేను చెప్పనక్కరలేదు. వానలు వెనకబట్టి ఆకాశం కడిగినట్టు ఉండే రోజులు కొన్ని, బంగాళాఖాతంలో వాయుగుండం పడి మూడు నాలుగు రోజులపాటు ముసురు పట్టే రోజులు కొన్ని. పైగా పగలు తగ్గిపోతుంది, నవంబరు నడిమికి మీ ఊళ్ళో సాయంత్రం ఐదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ నేరుగా గుడ్డ మీద పడి కళ్ళు చెదురుతాయి. ఉత్తరపు కిటికీ వెలుతురు మధ్యాహ్నమంతా ఒకే తీరుగా, నీడలు లేకుండా ఉంటుంది. కనుక ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు లోపల మీకు వీలైన ఒక గంటన్నరను కుట్టుకు కేటాయించుకుని, ఉత్తరపు కిటికీ మీ ఎడమ చేతి వైపు ఉండేలా కుర్చీ వేసుకోండి. మీది ఎడమచేతి వాటమైతే కుడి వైపు ఉండాలి. సూది పట్టుకున్న చేతి నీడ కుట్టు మీద పడకుండా ఉండటమే ఇందులోని రహస్యం. దీపం వెలుగులో చదవగలం గాని నీలానికీ ఊదాకూ తేడా పోల్చుకోవడం కష్టం, అందువల్ల కుట్టు పగటికీ పుస్తకం సాయంత్రానికీ అన్న విభజన ఈ కాలానికి సహజంగా కుదురుతుంది.

ఇక కళ్ళ మాట. మీ వయసులో చత్వారం అందరికీ ఉండేదే, మీరు అద్దాలు కూడా వాడుతూనే ఉండవచ్చు. అయితే చదువుకోవడానికి ఇచ్చే అద్దాలు సుమారు 40 సెంటీమీటర్ల దూరాన్ని దృష్టిలో పెట్టుకుని ఇచ్చేవి. కుట్టేటప్పుడు గుడ్డను అంతకంటే దగ్గరగా, 30 సెంటీమీటర్ల దాకా తెచ్చుకుంటాము. ఆ పది సెంటీమీటర్ల తేడాయే పావుగంటలో కళ్ళు లాగడానికి కారణం కావచ్చు. కంటి పరీక్షకు వెళ్ళినప్పుడు కుట్టు ఫ్రేమూ గుడ్డా వెంట తీసుకువెళ్ళి, మీరు పట్టుకునే దూరంలో పట్టుకుని చూపించండి. చూసేవారికి వంద మాటల కంటే అది ఎక్కువ చెబుతుంది. రెండు పవర్లు కలిసిన అద్దాలైతే కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తుకుని కూర్చోవలసి వచ్చి మెడ పట్టేస్తుంది, కుట్టుకు విడిగా ఒక జత చేయించుకోవడం దుబారా కాదు. శుక్లాలు మొదలయ్యాయేమో కూడా ఆ పరీక్షలోనే తేలిపోతుంది. రంగులు పసుపు పట్టినట్టు కనిపించడం, దీపం చుట్టూ వలయాలు కనిపించడం వాటి గుర్తులు. ఈ పరీక్ష అయ్యేదాకా సన్నని పని పెట్టుకోవద్దు. అయ్యాక కూడా ప్రతి 20 నిమిషాలకు ఒకసారి తలెత్తి, దూరాన ఏ కొబ్బరిచెట్టు కొననో కాసేపు చూడండి.

బల్లగుడ్డ సంగతికి వస్తాను. సగంలో ఆగిన పని ఎవరినైనా బెదిరిస్తుంది, ఎందుకంటే గుడ్డ పరిచిన ప్రతిసారీ చేసినదాని కంటే చేయవలసినదే కంటికి కనిపిస్తుంది. దాన్ని ముందు ఉతకాలని అనిపిస్తుంది గాని ఆగండి. కార్బన్ కాగితంతో దించిన గీతలు ఉతికితే వెలిసిపోవచ్చు, ఇస్త్రీ చేస్తే ఉండిపోనూ వచ్చు. మొదట ఆ నమూనాను పల్చటి బటర్ పేపరు మీదికి ఎత్తుకుని దాచుకోండి. ఆ తరువాత కుట్టిన చోట ఎరుపు దారం ఉంటే, ఒక తెల్లని గుడ్డ ముక్కను తడిపి దాని మీద ఒక నిమిషం అదిమి చూడండి. రంగు అంటితే ఆ గుడ్డను ఎన్నడూ నానబెట్టకూడదని అర్థం.

నాలుగు మూలలా పూల గుత్తులు ఉన్న గుడ్డ అయితే నాదొక సలహా. ఇప్పటికే కుట్టిన మూలకు ఎదురు మూలను మాత్రమే పూర్తిచేసి, మిగిలిన రెండు మూలలనూ ఖాళీగా వదిలేయండి. ఐమూలగా రెండు గుత్తులు ఉన్న గుడ్డను చూసి ఇది సగం పని అని ఎవరూ అనరు, అదే పద్ధతి అనుకుంటారు. మూడు మూలలు కుట్టి ఆపితేనే లోటు కనిపిస్తుంది. పాత దారపు లచ్ఛిలో మిగిలింది చాలదనిపిస్తే దాని కాగితపు పట్టీ మీది రంగు సంఖ్య చూసి అదే కొనుక్కోవచ్చు. కాని ఒకే సంఖ్య ఉన్న దారమైనా వేరు వేరు అద్దకాలలో కొద్దిగా తేడాగా రావచ్చు, పాతది ఏళ్ళ తరబడి పెట్టెలో ఉండి కాస్త వెలిసి కూడా ఉండవచ్చు. కాబట్టి ఒక రేకు మధ్యలో దారం మార్చకుండా కొత్త దారాన్ని కొత్త పువ్వుతో మొదలుపెట్టండి. తేడా ఉన్నా అది నీడలా కనిపిస్తుంది.

చేతిపని మరచిపోయానేమో అన్న సందేహం కూడా మీ మాటల వెనక నాకు కనిపించింది. చేతులు మరచిపోవు, కాకపోతే వాటికి కాస్త వేడెక్కే అవకాశం ఇవ్వాలి. ఒక పాత రుమాలు తీసుకుని కాడ కుట్టుతో ఒక వంకర గీత కుట్టండి. మూరెడు దారం తెంచుకోండి. అమ్మలు చెప్పిన ఈ మూర కొలతకు కారణం ఉంది, సుమారు 45 సెంటీమీటర్లు దాటిన దారం గుడ్డలోంచి అన్నిసార్లు లాగేసరికి నూగు లేచి చిక్కు పడుతుంది. లచ్ఛిలోని దారంలో ఆరు పోగులు ఉంటాయి, మీకు కావలసిన రెండో మూడో పోగులను ఒక్కొక్కటిగా పైకి లాగి, మళ్ళీ పక్కపక్కన చేర్చి సూదిలో ఎక్కించండి. రెండూ కలిపి ఒకేసారి లాగితే మిగతావి ముడిపడతాయి. ఎంబ్రాయిడరీ సూదులలో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, రెండు పోగులకు ఎనిమిదో నంబరు సరిపోతుంది. దారం బెజ్జంలోకి వెళ్ళకపోతే సూదిని అటుది ఇటు తిప్పి చూడండి, చాలా సూదులకు బెజ్జం ఒక వైపున రెండో వైపు కంటే నున్నగా ఉంటుంది.

కాడ కుట్టులో ఎడమనుంచి కుడికి వెళుతూ, ముందుకు ఒక కుట్టు వేసి, సూదిని ఆ కుట్టు సగం పొడవు వెనక్కి తెచ్చి పైకి తీస్తాము. ఇందులో ఒక్క నియమం తప్పకూడదు. సూదికి ఉన్న దారాన్ని గీతకు కింది వైపున పెడితే చివరి దాకా కింది వైపునే ఉంచాలి. మధ్యలో ఒక్కసారి పైకి మారినా తాడు పేనినట్టు వస్తున్న వరస అక్కడ తెగినట్టు కనిపిస్తుంది. వంపు దగ్గర కుట్లు చిన్నవి చేయాలి, లేకపోతే వంపు మూలలు తేలుతుంది. ఒక జానెడు గీత కుట్టేసరికి మీ వేళ్ళకు అన్నీ గుర్తుకు వస్తాయి, ఆ తరువాత గొలుసు కుట్టుకూ, కాజా కుట్టుకూ ఎవరి పాఠమూ అక్కరలేదు. పని ముగించగానే గుడ్డను ఫ్రేములోంచి తీసి పెట్టండి. రోజుల తరబడి బిగించి ఉంచితే గుండ్రని మచ్చ పడుతుంది, గాలిలో తేమ ఎక్కువగా ఉండే ఈ కాలంలో అది త్వరగా వదలదు. సూదిని గుడ్డకు గుచ్చి వదిలేస్తే తుప్పు మరక పడుతుంది, అది అసలే వదలదు.

కంటి పరీక్షలో ఏ తీర్పు వచ్చినా, సన్నని పని ఒక్కటే కాకుండా పక్కన ఒక ముతక పని కూడా పెట్టుకోమని నా గట్టి సలహా. నన్నడిగితే ఈ ఋతువుకు తగిన కుట్టుపని పూల గుత్తి కంటే బొంత. మార్గశిరం చలి వచ్చేలోగా తయారవుతుంది, డబ్బు ఖర్చు లేదు, ముసురు పట్టిన మధ్యాహ్నం మసక వెలుతురులో కూడా సాగుతుంది. కట్టీ కట్టీ మెత్తబడిన నూలు చీరలు మూడో నాలుగో తీసుకుని, అంచులు విప్పి, ఉతికి ఆరవేయండి. పట్టు, సింథటిక్ చీరలు కలపవద్దు, అవి జారిపోయి పొరలను కలవనివ్వవు. అన్నిటికంటే చినుగులు ఎక్కువగా ఉన్నవి మధ్యలోకి పోవాలి, రంగు బాగున్నవి పైకీ కిందికీ రావాలి. నేల మీద పరిచి, ముడతలు లేకుండా చేత్తో సాపు చేసి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలను కదలకుండా పట్టుకోండి. మధ్యనుంచి మొదలుపెట్టి అంచులవైపు వెళ్ళాలి. అంచునుంచి మొదలుపెడితే గుడ్డంతా తోసుకువచ్చి నడుమ ఉబ్బు మిగులుతుంది. పెద్ద సూది, లావు నూలు దారం, బియ్యపు గింజంత కుట్లు, వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ళ ఎడం చాలు. నాలుగు పొరలలోంచి సూదిని నెట్టాలి కాబట్టి నడివేలికి ఇత్తడి తొడుగు తప్పనిసరి. నేల మీద కూర్చోవడానికి మోకాళ్ళు సహకరించకపోతే పరిచే పని మాత్రం కింద చేసి, టాకాలు పడ్డాక బల్ల మీదికి మార్చుకోవచ్చు. ఏ చీర ఏ పండుగకు కొన్నదో కుట్టుతున్నంతసేపూ గుర్తుకు వస్తూనే ఉంటుంది.

అమ్మకం గురించి మీ అమ్మాయి చెప్పిన మాట ప్రేమతో చెప్పినదే, కాని అంగీకరించే ముందు లెక్క చూసుకోండి. మీ ఊరికి దిగువన, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక ఎన్నో తరాలుగా వేలమంది స్త్రీలకు జీవనం. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే ఆ స్త్రీలది ఇంటిపని మధ్య ఖాళీలో చేసుకునే పని అన్న పేరుతో, వారు వెచ్చించిన గంటలకు తగిన కూలి చాలాకాలం పాటు దక్కలేదు. మీరు 30 గంటలు కుట్టిన దిండు గలీబును నాలుగు వందలకు అమ్మితే గంటకు పద్నాలుగు రూపాయలు కూడా పడదు. అలా ధర తగ్గించి అమ్మడం ఆ పనిమీదే బతికేవారికి మేలు చేయదు. మీకు పింఛను ఉంది, ఈ రెండు నెలలు కోరుకున్నది తీరిక. గడువులూ, కొనేవారి ఫిర్యాదులూ వచ్చాక అది తీరికగా మిగలదు. అమ్మాయికి ఒక బొంత పంపించండి, ఆమె ఆశించిన లాభం అంతకంటే బాగా ముడుతుంది.

పుస్తకాల దగ్గరికి వద్దాము. తుమ్ములకు కారణం చాలావరకు పై అంచున పేరుకున్న దుమ్మూ, కొన్నింటిలో బూజూ. సంచీని పడకగదిలో విప్పకండి. వసారాలోకి తీసుకువెళ్ళి, ముక్కుకు మాస్కు కట్టుకుని, పుస్తకాన్ని గట్టిగా మూసిపట్టి, వెన్ను వైపునుంచి బయటికి, మెత్తని పెయింటు బ్రష్షుతో పై అంచును దులపండి. తెరిచి విదిలిస్తే దుమ్ము లోపలి పుటలలోకి పోతుంది. బూజు పట్టినవాటిని మిగతావాటినుంచి వేరుచేసి, నీడలో, గాలి ఆడేచోట నిలబెట్టి తెరిచి పూర్తిగా ఆరనివ్వండి, ఆరాకే బ్రష్షు పెట్టండి. వానాకాలం వెళ్ళగానే పుస్తకాలను ఎండలో వేసే అలవాటు మన ఇళ్ళల్లో ఉండేది గాని, కలపగుజ్జుతో చేసిన చవక కాగితం ఎండకు ఇంకా పసుపెక్కి పెళుసు బారుతుంది, నీడే మేలు. సన్నని రంధ్రాలూ, పొడీ కనిపిస్తే పురుగు బతికే ఉందని అనుమానించి, ఆ పుస్తకాన్ని గాలి చొరకుండా ప్లాస్టిక్ సంచిలో మూసి రెండు వారాలు ఫ్రీజరులో పెట్టండి. బయటికి తీశాక సంచిని వెంటనే విప్పకుండా ఒక రోజు అలాగే వదిలేస్తే చెమ్మ పుస్తకానికి అంటదు. మీవారికి ముందుగా చెప్పి పెట్టడం మంచిది, ఐస్ కోసం తలుపు తీస్తే ఒక నవల కనిపించడం ఎవరికైనా ఆశ్చర్యమే. ఇన్ని చేసినా తుమ్ములు ఆగకపోతే, ఆయాసం వస్తే, పుస్తకాలు పక్కన పెట్టి వైద్యునికి చూపించుకోండి.

చదవడం మొదలుపెట్టే ముందు ప్రతి పుస్తకాన్ని ఒకసారి తనిఖీ చేయండి, మూడు వందల పుటలు చదివాక ముగింపు లేదని తెలిస్తే కలిగే బాధ మామూలుది కాదు. మన పాత పుస్తకాలు ఎక్కువగా 16 పుటల ఫారాలుగా అచ్చయ్యాయి. 17వ పుట, 33వ పుట, 49వ పుట, ఇలా ప్రతి ఫారం మొదటి పుట అడుగున చాలా పుస్తకాలలో ఒక చిన్న అంకె ఉంటుంది. అది పాఠకుల కోసం కాదు, బైండింగు చేసేవారి కోసం. ఆ అంకెలు వరసగా ఉన్నాయో లేదో చూసుకుంటూ పోతే రెండు నిమిషాలలో లెక్క తేలిపోతుంది. ఒక ఫారం రెండుసార్లు పడి పక్క ఫారం లోపించడం కూడా జరుగుతుంది. అటువంటి చోట మీవారి వాదానికి విలువ ఇవ్వవచ్చు, పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కాన్ చేసి అంతర్జాలంలో ఉచితంగా ఉంచారు, లోపించిన పదహారు పుటలూ అక్కడ దొరికితే ఫోనులో చదివి మళ్ళీ పుస్తకంలోకి రావచ్చు.

అయితే అన్నీ ఫోనులో ఉన్నాయన్న మాట మాత్రం పూర్తిగా నిజం కాదు. వారపత్రికలలో వచ్చిన ధారావాహికలను వారం వారం కత్తిరించి దాచి, చివరికి బైండు చేయించుకున్న సంపుటాలు లెనిన్ సెంటరు కొట్లలో, హైదరాబాదులో ఆదివారాలు అబిడ్స్ కాలిబాట మీదా ఇప్పటికీ దొరుకుతాయి. కథ వెనక పుటలో సగం తెగిన తలనొప్పి మాత్రల ప్రకటన, వంటల శీర్షికలో సగం వంటకం, మార్జినులో ఎవరో గుండ్రని అక్షరాలతో 'వచ్చే వారం రాలేదు' అని రాసుకున్న మాట, ఇవన్నీ ఆ ఒక్క ప్రతిలోనే ఉంటాయి. అద్దె పుస్తకాల షాపుల ముద్రలున్న నవలలైతే మరీ సరదా. చేతులు మారీ మారీ అట్ట మెత్తబడి, రోజు అద్దె ఎంతో, ఆలస్యమైతే ఎంతో మొదటి పుటలోనే ఉంటుంది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో వేసి, విశాలాంధ్ర ద్వారా చవకగా అందిన పుస్తకాలు దొరికితే వదలకండి. వాటిలో చాలావాటికి కుట్టు బైండింగు కాబట్టి ఇన్నేళ్ళకూ పుటలు ఊడకుండా నిలిచాయి. ఒక్క హెచ్చరిక. ఇప్పటికీ నడుస్తున్న గ్రంథాలయం ముద్ర ఉండి, తొలగించినట్టు గుర్తు లేకపోతే ఆ పుస్తకం దారి తప్పి వచ్చిందేమో. ఒక కార్డు రాసి అడగండి.

మీ సూది ఈ పుస్తకాలకు కూడా పనికివస్తుందని మీరు ఆలోచించారో లేదో. పాత పత్రికలూ, పల్చటి పుస్తకాలూ ఎక్కువగా వెన్నున రెండు పిన్నులతో ఉంటాయి, అవి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. నడిమి పుట తెరిచి, పిన్ను కాళ్ళను మొండి కత్తితో మెల్లగా లేపి, వెనకనుంచి తీసేయండి. పుటలన్నీ సరిగా పేర్చి, మడత మీద నడుమ ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి చొప్పున దబ్బనంతో మూడు రంధ్రాలు చేయండి. పుస్తకం ఎత్తుకు రెండున్నర రెట్లు పొడవైన గట్టి నూలు దారం తీసుకుని కొవ్వొత్తి మీద ఒకసారి రాచి, లోపలి వైపునుంచి నడిమి రంధ్రంలోంచి బయటికి తీసి, నాలుగు అంగుళాల కొస లోపల వదలండి. బయటనుంచి పై రంధ్రంలోకి, లోపల నడిమి రంధ్రాన్ని దాటుకుని కింది రంధ్రంలోంచి బయటికి, అక్కడినుంచి తిరిగి నడిమి రంధ్రంలోంచి లోపలికి రావాలి. ఇప్పుడు రెండు కొసలూ నడుమనే ఉంటాయి. లోపలి పొడుగు కుట్టుకు చెరొక పక్కన ఉంచి, దాని మీదుగా రెండు ముడులు వేసి, అర అంగుళం వదిలి కత్తిరించండి. దారాన్ని లాగేటప్పుడు మడత వెంబడి లాగాలి గాని పైకి కాదు, పైకి లాగితే కాగితం చీరుకుంటుంది.

చినిగిన పుటలకు సెల్లో టేపు మాత్రం వేయవద్దు, కొన్నేళ్ళకు టేపు ఊడిపోతుంది గాని దాని జిగురు గోధుమరంగు మరకగా ఉండిపోతుంది. పల్చటి టిష్యూ కాగితం పీలికను మైదా జిగురుతో అతికించి, పైన బరువు పెట్టి ఆరనిస్తే చాలు. బైండింగు చేసేవారు పురుగు పట్టకుండా ఆ జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం కాబట్టి వంటింట్లో ఆ ప్రయోగం వద్దు, ఏ పూటకు కావలసిన జిగురు ఆ పూట కాచుకోండి. పెళుసైన కాగితం ఉన్న పుస్తకాన్ని వెనక్కి విరిచి పట్టుకోకుండా, ఒడిలో దిండు పెట్టుకుని దాని మీద సగం తెరిచి చదవండి.

ఏది ముందు చదవాలన్న దానికి పెద్ద సూత్రాలు అక్కరలేదు గాని, సంచిలో ఉన్నవాటిలో కథల సంపుటమో, ఉత్తరాల పుస్తకమో ఉంటే దానితో మొదలుపెట్టి, ఆరు వందల పుటల నవలను కార్తీకానికి వదిలేయండి. ముసురు రోజులలో దానికి తగిన వ్యవధి దొరుకుతుంది. కార్తీక స్నానాలకు తెల్లవారుజామున లేచేవారైతే రాత్రి ఎనిమిది దాటాక పుస్తకం చేతిలో నిలవదు, సాయంత్రం దీపం పెట్టిన తరువాత ఒక గంట చాలు. ఇంకొక మాట. ఫోనులో అన్నీ ఉన్నాయని అంటున్న మీవారిని, మీరు బొంత కుట్టుకుంటున్న మధ్యాహ్నం పూట ఆ ఫోనులోంచే ఒక కథ పైకి చదవమని అడగండి. సన్నని కుట్టుకు చూపంతా కావాలి, బొంతకు చెవులు ఖాళీగానే ఉంటాయి. ఆయన ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను గాని, కాదనడానికి కారణం మాత్రం ఆయనకు మిగలదు.

చదివేసిన పుస్తకాలను ఏం చేయాలన్నది మీ ఆఖరి ప్రశ్న. మళ్ళీ చదువుతారనుకున్నవీ, మీరు కుట్టి బాగుచేసినవీ ఉంచుకోండి, మిగతావి చేతులు మారనివ్వండి. పాత పుస్తకాల కొట్లవారు చాలామంది తాము అమ్మినవాటిని మంచి స్థితిలో తిరిగి తెస్తే ధరలో కొంత తగ్గించి వెనక్కి తీసుకుంటారు. కొన్న చోటే అడిగి, వచ్చే విజయవాడ ప్రయాణానికి ఒక సంచి సిద్ధంగా పెట్టుకోండి. కత్తిరించి బైండు చేసిన ధారావాహికల సంపుటాలను మాత్రం తూకానికి వేయవద్దు. అటువంటివి మరొక ప్రతి ఉండవు కాబట్టి, మీ ఊళ్ళోనే ఉన్న గౌతమీ గ్రంథాలయం వారికి చూపించి, తీసుకుంటారేమో కనుక్కోండి. ఇచ్చే ముందు పుటల మధ్య మీరు గుర్తుకు పెట్టుకున్న దారపు ముక్కలూ, కరెంటు బిల్లులూ తీసేయండి. పాత యజమానులు పెట్టినవి ఏమైనా ఉంటే వాటిని అలాగే వదిలేయండి.